అవ్వ ఎముకను విరగ్గొట్టింది వయసు కాదు

పోస్టు పెద్దది. తీరిక చూసుకొని చదవండి, కానీ చదవండి.

మన గ్రూపులో ఉద్యోగ నోటిఫికేషన్ల తర్వాత ఎక్కువగా వచ్చేవి శ్రద్ధాంజలి పోస్టులు. ఫలానా తండా, ఫలానా అన్న వాళ్ళ అవ్వ, "వయోభారంతో కన్నుమూశారు". కింద అందరమూ దండం బొమ్మ పెడతాం, అయిపోతుంది. ఆ ఇంటోళ్ళను పలకరించి చూడండి. చాలాసార్లు కథ ఇంకోటి ఉంటుంది. రాత్రిపూట బయటికి పోతా జారిపడింది, తుంటి దగ్గర విరిగింది, కట్టు కట్టించినారు, లేవలేదు, వీపంతా పుండ్లు పడినాయి, జ్వరం, ఆయాసం, నాలుగు నెలలకు పోయింది.

దీనికి మనం పెట్టుకున్న పేరు వయోభారం. ఈ పోస్టు ఆ ఒక్క మాట మీద కొట్లాడడానికే రాస్తా ఉన్నా.

ముందు ఒకటి అడుగుతా. ఆ అవ్వ వయసెంతో ఎవరికన్నా తెలుసా? మన తండాల్లో సగం మంది పెద్దోళ్ళ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. రాసేటాయన ముఖం చూసి అంచనాగా వేసిన సంవత్సరం. వయసెంతో తెలియని మనిషి చావుకు వయసే కారణమని ఎట్ల రాస్తాం? పెన్షన్ 4000 వచ్చే ఒకటో తేదీన ఆమె ఇంటికి పెద్దదిక్కు. తుంటి విరిగిన రోజు మాత్రం "వయసైపోయిందిలే".

నేను డాక్టర్ను కాదు. డిగ్రీలో బీజెడ్‌సీ చదివేదాన్ని. కానీ చదివినంత వరకు నాకు అర్థమైంది ఇది: డెబ్బైలో విరిగే ఎముక డెబ్బైలో పాడయింది కాదు. దాన్ని పదిహేనేళ్ళప్పుడు ఆకలి, ముప్పై ఏళ్ళప్పుడు ఆపరేషన్ టేబుల్, బతుకంతా బోరు నీళ్ళు కొంచెం కొంచెంగా తినేసినాయి. వయసు కూడా ఉంది, కాదనను. కానీ వయసు అందరికీ వస్తుంది. తుంటి విరిగినంక ఒకరు నెలకు కర్ర పట్టుకొని నడుస్తారు, ఇంకొకరు మంచంలోనే పోతారు. ఈ తేడా వయసుది కాదు.

ఎముక అంటే రాయి కాదు, నులక మంచం

ఎముకను కోసి చూస్తే పైన గట్టి పెంకు, లోపల తేనెతుట్టె మాదిరి అల్లిక ఉంటుంది. తుంటి మెడలో, వెన్నుపూసల్లో, మణికట్టు దగ్గర ఆ అల్లికే ఎక్కువ బరువు మోస్తుంది. నులక మంచం అనుకోండి. నులక సన్నబడి అక్కడక్కడా రెండు మూడు పోగులు తెగినా మంచం నిలబడే ఉంటుంది, చూసేదానికి బాగానే ఉంటుంది. ఒకరోజు ఎవరో గట్టిగా కూర్చుంటారు, మధ్యకు చినిగిపోతుంది. కూర్చున్నాయన బరువెక్కువ అంటామా, నులక పాతబడి ఎన్నాళ్ళయిందో చూస్తామా?

ఎముక రోజూ పాతది కరిగి కొత్తది కట్టుకుంటా ఉంటుంది. కరిగించే కణాలు వేరు, కట్టే కణాలు వేరు. చిన్న వయసులో కట్టేది ఎక్కువ. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళకే మన జీవితంలో ఉండబోయే ఎముకలో తొంభై శాతం దాకా కట్టేసి ఉంటాం. ముప్పై దాటినంక పెరిగేది లేదు, కాపాడుకునేదే. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయినంక కరిగేది ఒక్కసారిగా ఎక్కువవుతుంది, ఎందుకంటే అప్పటిదాకా ఎముకకు కాపలా కాసిన ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది.

ఈ పోస్టు చదివేవాళ్ళలో ఎక్కువమందికి పదిహేడు నుంచి ఇరవై అయిదు. అంటే అవ్వ గురించే కాదు, మీ గురించి కూడా రాస్తా ఉన్నా.

మొదటిది: కంచం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, ఆమెతో పనిచేసినవాళ్ళు తక్కువ ఆదాయం ఉండే 289 మంది ఆడవాళ్ళ ఎముకలు కొలిచి 2005లో ఫలితాలు అచ్చు వేసినారు. వాళ్ళెవరూ ముసలోళ్ళు కాదు, 30 నుంచి 60 ఏళ్ళ మధ్యవాళ్ళు. తుంటి మెడ దగ్గర దాదాపు 29 శాతం మందికి అప్పటికే ఎముక గుల్లబారి ఉంది. వాళ్ళు రోజుకు తినే కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. అదే సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో చెప్పిన లెక్క పెద్దవాళ్ళకు 1000, నెలసరి ఆగిన ఆడవాళ్ళకు 1200. కావాల్సిందాంట్లో పావు వంతు తిని, బరువు మాత్రం నిండుగా మోసినారు.

మన అనంతపురం పీఠభూమిలో ఇది ఎట్ల జరిగింది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల. ఒకప్పుడు ఈడ రాగి, జొన్న, కొర్ర, సజ్జ. తర్వాత ఎక్కడ చూసినా వేరుశనక్కాయే. చేను అమ్మకానికి పోయింది, కంచంలోకి రేషన్ బియ్యం వచ్చింది. 1983లో రెండు రూపాయల బియ్యం రావడం వల్ల ఎన్నో ఇండ్లు పస్తుల నుంచి బయటపడినాయి, దాన్ని నేను తప్పు పట్టను. కానీ వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటే, వంద గ్రాముల బియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాముల లెక్క. కడుపు నిండింది, ఎముక నిండలేదు.

పాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. పొద్దున్నే క్యాన్లో పాల కేంద్రానికి పోతాయి. ఇంట్లో ఉండేది డికాషన్. మిగిలిన గ్లాసు మగపిల్లోనికి. ఇంట్లో అందరికన్నా చివర తినేది ఎవరో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఈడ ఒక మాట. "మన పాత తిండి తింటే చాలు, అన్నీ సర్దుకుంటాయి" అనే పోస్టులు కూడా చూస్తా ఉన్నా. అదీ సగమే నిజం. రాగుల్లో, జొన్నల్లో ఫైటేట్ అనేది ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టుకొని ఒంటికి పట్టనీకుండా చేస్తుంది. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు ఆ చుట్టుపక్కల ఊర్లలో, పట్నంలో చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. కాల్షియం తక్కువ, ఫైటేట్ ఎక్కువ, ఎండ ఇంత ఉన్నా విటమిన్ డి తక్కువ అని అందులో తేలింది. పెద్దోళ్ళు రాగిపిండిని రాత్రంతా పులియబెట్టి అంబలి చేసింది, గింజలను మొలకెత్తించింది ఊరికే కాదు. అట్ల చేస్తే ఫైటేట్ తగ్గుతుంది. తిండిని గుర్తు పెట్టుకున్నాం, చేసే పద్ధతి మరిచిపోయినాం.

రెండోది: గర్భసంచి ఆపరేషన్

దీని గురించి మన గ్రూపులో మగపిల్లలు మాట్లాడరు, ఆడపిల్లలం సిగ్గుపడతాం. కానీ మాట్లాడాల.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద వందకు సుమారు ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో మనమే ముందు, తర్వాత తెలంగాణ. మన ఆడవాళ్ళ గర్భసంచులు దేశంలో అందరికన్నా మూడింతలు చెడ్డవా? కాదు. తెల్లబట్ట అన్నా, నడుం నొప్పి అన్నా, "క్యాన్సర్ అయితది, తీసేద్దాం" అని భయపెట్టే వ్యాపారం ఇది. 2009లోనే డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ దంపతులు మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేని ఆపరేషన్లు చిన్న వయసులోనే జరుగుతున్నాయని బయటపెట్టినారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఇట్లాంటి ఆపరేషన్ల మీద నిఘా పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది.

దీనికి ఎముకకు సంబంధమేమి? గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేస్తే, యాభై ఏళ్ళ దగ్గర రావాల్సిన ఈస్ట్రోజెన్ కరువు ఆ ఆపరేషన్ రోజే వస్తుంది. అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి రావాల్సిన టైం కన్నా ముందే ఆగిపోతాయి. అంటే ఇరవై ఏళ్ళ ముందే ఎముక కరగడం మొదలు.

మా అమ్మకు ముప్పై దాటకముందే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఆపరేషన్ చేసినారు. డిశ్చార్జి కాగితం పదేళ్ళు పెట్టె అడుగున ఉండింది. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్ళు నా కన్నా ముందు ఎవరూ లేరు. మొన్న సెలవులకు పోయి నేను చదివినా. రెండు అండాశయాలు కూడా తీసినట్టు దాంట్లో ఉంది. అమ్మకు ఎవరూ చెప్పలేదు. కాల్షియం వాడమని చెప్పలేదు, ఎముకలు చూపించుకోమని చెప్పలేదు. ఇంకో ముప్పై ఏళ్ళకు ఆమె జారిపడితే, అప్పుడు కూడా మీరు వయోభారం అనే రాస్తారా?

మూడోది: బోరు

మన జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా ఊర్లలో నీళ్ళ వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్నాయని డాక్టర్లు 1937లోనే రాసినారు. 1990లలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు మన జిల్లాలో 700కు పైగా ఊర్లకు తాగునీటి పథకం కట్టిందంటే కారణం కరువొక్కటే కాదు, భూమిలో ఉన్న నీళ్ళు తాగదగ్గవి కాకపోవడం కూడా.

గ్రానైటు రాళ్ళ మధ్య నీళ్ళు ఎంత లోతుగా, ఎంత కాలం నిలబడితే అంత ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. వాన లేదు కాబట్టి బోరు లోతుకు పోతుంది. అట్ల కరువే మన ఎముకలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు అనేది లెక్క. మరగబెడితే పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఈడ ఒక విచిత్రం చెప్తా. ఫ్లోరైడ్ ఎముకను పలచన చేయదు, చిక్కగా చేస్తుంది. అందుకే ఒకప్పుడు అమెరికాలో దాన్నే ఎముకల మందుగా ఇచ్చి చూసినారు. మేయో క్లినిక్ డాక్టర్లు 202 మంది పెద్ద వయసు ఆడవాళ్ళను రెండు గుంపులుగా చేసి నాలుగేళ్ళు చూసినారు. 1990లో ఫలితం వచ్చింది. ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్ళ వెన్ను ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ వెన్ను కాకుండా మిగతా చోట్ల వాళ్ళకు 72 విరుగుళ్ళు, తీసుకోనివాళ్ళకు 24. ఎముక చిక్కబడింది, అల్లిక చెడిపోయింది. సున్నం ఎక్కువైన గోడ చూసేదానికి దిట్టంగా ఉంటుంది, దెబ్బ తగిలితే పెళ్ళలు రాలుతుంది. అట్లాంటిది.

వాళ్ళకిచ్చిన మోతాదు మన నీళ్ళలో ఉండేదానికన్నా ఎక్కువ, అది ఒప్పుకుంటా. కానీ వాళ్ళు తిన్నది నాలుగేళ్ళు. మన అవ్వ తాగింది అరవై ఏళ్ళు, అది కూడా కాల్షియం లేని కడుపుతో. కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ చెడు చేస్తుంది. అమెరికాలో పనికిరాదని పక్కన పెట్టిన మందును మనకు బోరులో ఉచితంగా పోస్తా ఉన్నారు.

నాలుగోది: చీకటి

ఎముక విరగాలంటే రెండు కావాల: బలహీనమైన ఎముక, ఒక పడిపోవడం. పడిపోవడం గురించి మనం అసలు మాట్లాడం.

అవ్వ ఎప్పుడు పడుతుంది? రాత్రి, లేకుంటే తెల్లవారుజామున. ఎందుకు బయటికి పోయింది? మరుగుదొడ్డి కట్టించినారు, దాంట్లో నీళ్ళు లేవు, కట్టెలు పెట్టుకున్నాం. కంటికి శుక్లం వచ్చి ఉంది, ఆపరేషన్ "వచ్చే ఏడు చూద్దాం". బీపీ మాత్ర వేసుకొని ఒక్కసారి లేస్తే కళ్ళు తిరుగుతాయి. చేతిలో చెంబు. దారిలో రాళ్ళు, తండా చివర వీధిలైటు లేదు. తుంటి విరగడానికి ఇంతకన్నా ఏం కావాల?

మోకాళ్ళ నొప్పులకు ఊర్లో సూదులు, మాత్రలు ఇస్తా ఉంటారు. దాంట్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ మాదిరి స్టెరాయిడ్లు ఉంటే రెండు రోజుల్లో నొప్పి పోతుంది, "ఆయన చెయ్యి మంచిది" అని పేరొస్తుంది. నెలల తరబడి వాడితే అవి ఎముకను గుల్ల చేస్తాయి. మీ ఇంట్లో మాత్రల అట్ట తీసి పేరు చదవండి. చదువు వచ్చింది అందుకే కదా. ఆ పేర్లుంటే మీరుగా టక్కున ఆపించొద్దు, అదీ ప్రమాదమే. డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి తగ్గించాల.

చివరిది: మనం వేసే మంచం

ఇంతవరకు చెప్పినదాంట్లో చాలావరకు మన చేతిలో లేదు. ఇది మాత్రం మన చేతిలో ఉంది.

పెద్దోళ్ళు పడినంక కాలు మోపలేకపోతే, ఆ కాలు పొట్టిగా కనిపిస్తే, పాదం బయటికి తిరిగి ఉంటే, అది తుంటి అనుకోవాల. లాగొద్దు, నూనె పెట్టి రుద్దొద్దు, నడిపించి చూడొద్దు. కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాల.

పుత్తూరు కట్టు అంటే మన రాయలసీమలో నమ్మకం. ముంజేయి మాదిరి చోట్ల ఎముక కదలకుండా కట్టు కడితే అతుక్కుంటుంది, నేను ఎగతాళి చేయను. తుంటి మెడ అట్లా కాదు. అది లోపల కీలులో ఉంటుంది, ఏ వెదురుబద్దా దాన్ని పట్టి ఉంచలేదు. పైగా విరిగినప్పుడు ఎముక తలకు పోయే రక్తనాళాలు కూడా తెగిపోవచ్చు. రక్తం అందని ఎముక ఎన్ని వారాలు కట్టు ఉంచినా అతుక్కోదు. చేయాల్సింది ఆపరేషన్, అది కూడా ఒకటి రెండు రోజుల్లో. బ్రిటన్‌లో అయితే ఆసుపత్రిలో చేరిన రోజు గానీ మరుసటి రోజు గానీ చేయాలని నియమమే పెట్టుకున్నారు. ఎందుకంటే చంపేది విరగడం కాదు, పడుకోవడం. ఊపిరితిత్తుల్లో చీము, కాలులో రక్తం గడ్డ, వీపు పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్. మంచి వైద్యం ఉన్న దేశాల్లో కూడా తుంటి విరిగిన పెద్దోళ్ళలో అయిదుగురిలో ఒకరు ఏడాదిలోపు పోతారు. వైద్యమే ఇప్పించకుంటే ఏమవుతుందో మన శ్రద్ధాంజలి పోస్టులు చెప్తా ఉన్నాయి.

"ఈ వయసులో కోతెందుకు, తట్టుకుంటుందా?" అని కులపెద్దల నుంచి మేనమామల దాకా అందరూ అంటారు. వయసు ఎక్కువ కాబట్టే ఆపరేషన్ తొందరగా కావాల. ఇరవై ఏళ్ళ పిల్లోడు మూడు నెలలు మంచంలో ఉండి కూడా లేస్తాడు, అవ్వ లేవదు.

డబ్బు? ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఎముకల ఆపరేషన్లు ఆ పథకంలో ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చొని ఉంటారు, ముందు ఆయన దగ్గరికి పోవాల. కార్డు, ఆధార్ తీసుకొని అవ్వతో పాటు అంబులెన్సు ఎక్కేది చదువుకున్న మనమే కావాల. ఇంట్లోవాళ్ళు కౌంటరు దగ్గర బెదిరి వెనక్కి వచ్చేస్తారు. వాళ్ళ తప్పు కాదు, ఆ కౌంటర్లు అట్ల ఉంటాయి.

కొందరు అడిగేవి

"మనకు బ్యాక్‌లాగ్ పోస్టులు, స్కాలర్‌షిప్‌లు, భూముల సమస్యలు ఉంటే ఎముకల గోలేంది?" అని ఎవరన్నా కామెంట్ పెడతారు, నాకు తెలుసు. అన్నా, అనంతపురంలో మనకు ఏజెన్సీ లేదు, షెడ్యూల్డ్ ఏరియా లేదు. గిరిజనుల ఆరోగ్యం అంటే సర్కారుకు పాడేరు, అరకు గుర్తొస్తాయి. మైదానంలో, ఎండలో, రాళ్ళ మధ్య ఉండే తండాలు ఎవరి లెక్కలోనూ లేవు. ఏ తండాలో ఎంతమంది పెద్దోళ్ళకు తుంటి విరిగింది, ఎంతమంది బతికినారు అనే లెక్క ఒక్క కాగితం మీద చూపించండి. లెక్క లేనిదానికి బడ్జెట్ రాదు. ఇది కూడా హక్కే.

"నల్గొండలోనే ఏమీ కాలేదు, మనమేం చేస్తాం?" అని ఇంకొకరు. నల్గొండలో ఏమీ కాలేదని ఎవరన్నారు? 1996లో పార్లమెంటు ఎన్నికల్లో నీళ్ళ కోసం 480 మంది పోటీలో నిలబడి, బ్యాలెట్ కాగితాన్ని పుస్తకం చేసినారు. దేశమంతా ఫ్లోరైడ్ అంటే ఏమిటని అడిగింది. వాళ్ళు వంకరపోయిన కాళ్ళను వయసు అనలేదు, నీళ్ళు అన్నారు. సరైన పేరు పెట్టడంతోనే పోరాటం మొదలైంది.

"మా అవ్వ తొంభై ఏళ్ళు రాయిలా బతికింది, మందూ లేదు మాకూ లేదు" అనేవాళ్ళూ ఉంటారు. సంతోషం. నలభై దాటకముందే పోయిన అవ్వలు ఎంతమందో కూడా లెక్కేయండి. మిగిలిన ఒక్కరిని చూపించి పోయినవాళ్ళను మరిచిపోవద్దు.

నేను అడిగేది

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు అయిదు పనులు చేద్దాం.

ఒకటి. మీ తండా బోరు, కొళాయి నీళ్ళు పరీక్ష చేయించండి. జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకు కిట్లు ఇచ్చినారు, ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళకు ల్యాబులు ఉన్నాయి. పాత రిపోర్టు ఉంటే సమాచార హక్కు కింద అడగండి.

రెండు. ఇంట్లో అమ్మ, అవ్వ ఆపరేషన్ కాగితాలు తీసి చదవండి. అండాశయాలు తీసి ఉంటే డాక్టర్ దగ్గర ఆ మాట చెప్పి ఎముకల పరీక్ష అడగండి. ఎవరన్నా "గర్భసంచి తీసేద్దాం" అంటే ఇంకో డాక్టర్‌కు, వీలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో, చూపించందే సంతకం పెట్టనీయొద్దు.

మూడు. యాభై దాటినవాళ్ళకు ఊరికే జారితే మణికట్టు విరిగిందా, ఎత్తు తగ్గి గూని వస్తా ఉందా, గమనించండి. చాలాసార్లు గూని అంటే లోపల వెన్నుపూస నలిగిపోయిందని. మొదటి విరుగుడు హెచ్చరిక. ఎముక కరగకుండా ఆపే మందులు ఉన్నాయి, రెండోది విరగకముందే మొదలుపెట్టాల.

నాలుగు. అవ్వ మంచం నుంచి మరుగుదొడ్డి దాకా దారి చూడండి. రాళ్ళు తీయండి, ఒక బల్బు పెట్టండి, గోడకు పట్టుకునే కట్టె ఒకటి కొట్టండి. రెండు బిందెల నీళ్ళు ఆడ ఉంచండి. శుక్లం ఆపరేషన్ వచ్చే ఏటికి వాయిదా వేయొద్దు. దీనికి ఏ పథకమూ అవసరం లేదు, ఒక పూట చాలు.

అయిదు. హాస్టల్లో గుడ్డు, పాలు, రాగిజావ సరిగ్గా ఇవ్వకుంటే మెస్ కమిటీలో అడగండి, రాసి ఇవ్వండి. బడుల్లో 2023 నుంచి రాగిజావ ఇస్తా ఉన్నారు. ఎముక కట్టుకునే వయసులోనే ఉన్న కాలేజీ హాస్టల్ పిల్లలకు ఎందుకు వద్దు? చెల్లెళ్ళూ, లావైపోతామని పాలు, గుడ్డు మానేసేవాళ్ళు మీలో ఉన్నారు. ఆ అప్పు యాభై ఏళ్ళకు వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

ఇంకొక్కటి. ఇకమీద గ్రూపులో శ్రద్ధాంజలి పెట్టేవాళ్ళు వయోభారం అని రాయొద్దు. తుంటి విరిగి, ఆపరేషన్ అందక పోయిందంటే అట్లనే రాయండి. ఇంటోళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. ఏడాది పాటు అట్ల రాస్తే మన దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క పట్టుకొని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇద్దాం.

కామెంట్లో మీ తండా పేరు, మీ తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందో రాయండి. పరీక్ష చేయించకుంటే "చేయించలేదు" అని రాయండి. అదీ లెక్కలోకే వస్తుంది.